తప్పు బ్యాటరీది కాదు

మా పాత కారుకి ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. అయినా పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్‌టిక్ తప్ప ఇంకేం లేదు. ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. ఖర్చు వినగానే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ బయటికి తీశాను.

ఇంజన్ ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులే. 14 దరిదాపుల్లో ఉండాలి. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకీ దాని బాడీకీ మధ్య మాత్రం 14.2! అంటే అది శుభ్రంగా పనిచేస్తోంది, వోల్టేజీ దారిలో పడిపోతోంది. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలిస్తే 1.5 వచ్చింది. అక్కడ 0.2 దాటకూడదు.

ముందు బ్యాటరీ మైనస్ తీసేసి, దాన్ని ఇంజన్‌కీ బాడీకీ కలిపే ఎర్త్ వైరు విప్పాను. వైరు చివరి లోహపు బిళ్ల (లగ్గు) కింద పచ్చటి చిలుము, గోకితే పొడిలా రాలింది. విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలికి ఇంటి గేట్లే ఆగవు, ఇదెంత! శాండ్‌పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాజిలిన్ రాశాను. ఇప్పుడు 14.1.