డిగ్రీ మార్కులు తక్కువగా ఉన్నవారు ఎంబీఏకు దరఖాస్తు చేసుకోవలసిన విధానం

దరఖాస్తు తెరవడానికి ముందు పదో తరగతి, ఇంటర్మీడియట్, డిగ్రీ మార్కుల మెమోలన్నీ ముందు పెట్టుకుని, డిగ్రీలో సెమిస్టర్ వారీగా వచ్చిన మార్కులను ఒక కాగితంపై వరుసగా రాసుకోవాలి. మొత్తం శాతం ఒక్కటే చూస్తే అసలు లోపం ఎక్కడుందో తెలియదు. మొదటి రెండేళ్లు సప్లిమెంటరీలు రాసి, చివరి ఏడాది బాగా పుంజుకున్న విద్యార్థికీ, చివరి వరకూ గణితం పేపర్లలోనే వెనకబడిన విద్యార్థికీ మొత్తం 54 శాతమే ఉండవచ్చు. అయితే మొదటివారికి ఆ పెరుగుదలను చూపిస్తే సరిపోతుంది, రెండోవారు మాత్రం తమకు లెక్కలు వచ్చునని కొత్తగా రుజువు చేసుకోవాలి.

తరువాత తేల్చుకోవలసింది అర్హత. జాతీయ స్థాయి మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలైన ఐఐఎంలలో ప్రవేశానికి జరిగే క్యాట్ పరీక్ష రాయడానికి డిగ్రీలో 50 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 45 శాతం చాలు. సీజీపీఏను (గ్రేడ్ పాయింట్ల సగటును) శాతంగా మార్చడానికి మీ విశ్వవిద్యాలయం అనుసరించే సూత్రాన్నే వాడాలి తప్ప స్నేహితుడు చెప్పిన లెక్కను నమ్మకూడదు, 49.6ను మీ అంతట మీరు 50గా రాసుకోకూడదు. జంషెడ్‌పూర్‌లోని మేనేజ్‌మెంట్ కళాశాల ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ నిర్వహించే జాట్ ప్రవేశ పరీక్షకు కనీస శాతం నియమం లేదు, కానీ ఆ స్కోరును తీసుకునే ఇతర కళాశాలలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు కనుక విడివిడిగా చూసుకోవాలి.

విశాఖపట్నం ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర "పర్సంటైల్ (పరీక్ష రాసినవారిలో ఎంత శాతం మంది కంటే ముందున్నామో చెప్పే అంకె) వస్తే మార్కులతో పని లేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. అర్హత దాటిన తరువాత కూడా చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలిచేవారి జాబితా (షార్ట్‌లిస్ట్) తయారుచేసేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పాత మార్కులనూ, ఉద్యోగానుభవాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి, దేనికి ఎంత విలువ ఇస్తాయో తమ ప్రవేశ విధానంలో ప్రకటిస్తాయి. దరఖాస్తు రుసుము కట్టే ముందు ఆ పత్రాన్ని తప్పక చదవండి. పదో తరగతిలో మంచి మార్కులు ఉన్నవారు, ఆ మార్కులకు విలువ ఇచ్చే సంస్థలను ముందుగా ఎంచుకోవడం తెలివైన పని. 2015లో మొదలై ఇప్పుడు గంభీరంలో సొంత ప్రాంగణంలో నడుస్తున్న మన ఐఐఎం విశాఖపట్నంలో కూడా నగరవాసులకు స్థానిక కోటా ఏదీ లేదు. రాష్ట్రంలోని కళాశాలల ఎంబీఏ సీట్లకు జరిగే ఏపీ ఐసెట్ పరీక్ష దారి వేరు: అర్హత మార్కులు ఉంటే చాలు, సీటు ర్యాంకును బట్టి వస్తుంది. 200 ప్రశ్నలకు 150 నిమిషాలు ఇస్తారు, తప్పు సమాధానానికి మార్కులు కోయరు.

విదేశాలకో, హైదరాబాద్‌లోని మేనేజ్‌మెంట్ కళాశాల ఐఎస్‌బీకో వెళ్లదలచినవారు జీమ్యాట్ అనే అంతర్జాతీయ ప్రవేశ పరీక్ష వైపు చూడవచ్చు. ఆ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది కనుక రుషికొండ ఐటీ కంపెనీల్లోనో, పరవాడ ఫార్మా కంపెనీల్లోనో ఉద్యోగం చేస్తూ తీరికగా సిద్ధం కావచ్చు.

తక్కువ మార్కుల గురించి రాయవలసి వచ్చినప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, అధ్యాపకులనో పరీక్షా విధానాన్నో నిందించడం. నా అభిప్రాయంలో నాలుగైదు వాక్యాలు చాలు: ఏం జరిగింది, అది ఎంతకాలం సాగింది, ఎప్పుడు ఆగింది, ఆ తరువాత చదవగలనని ఏ పనితో చూపించారు. "రెండో ఏడాది నాన్నగారి అనారోగ్యం వల్ల సాయంత్రాలు గాజువాకలోని మా దుకాణం నేనే చూసుకున్నాను, ఆ ఏడాది మూడు సబ్జెక్టులు తప్పాను, మూడో ఏడాది అవన్నీ పూర్తిచేసి, చివరి సెమిస్టర్‌లో 71 శాతం తెచ్చుకున్నాను" అని రాస్తే, చదివేవారికి కారణమూ కనిపిస్తుంది, మార్పూ కనిపిస్తుంది. చెప్పుకోదగిన కారణం లేకపోతే కల్పించవద్దు. శ్రద్ధ పెట్టలేదని ఒక్క వాక్యంలో ఒప్పుకుని, వెంటనే తరువాతి కృషికి వెళ్లడమే మేలు. మెమోలో కనిపించే తప్పిన సబ్జెక్టును దాచడం మాత్రం పూర్తిగా ప్రమాదకరం, ఎందుకంటే ప్రవేశ సమయంలో అసలు పత్రాలను పరిశీలిస్తారు.

ఇంటర్వ్యూలో డిగ్రీ సబ్జెక్టుల మీద ప్రశ్నలు వస్తాయని గట్టిగా అనుకోండి. మార్కులు తగ్గిన అభ్యర్థిని ఆ సబ్జెక్టు మూల విషయాలే అడగడం సహజం. కాబట్టి తప్పిన పేపర్లనే ముందుగా తీసి, ఒక్కొక్క దానిలో అయిదారు ప్రధానాంశాలను కాగితం చూడకుండా వివరించగలిగేంత వరకు చదవండి. ఇంట్లో వాళ్లకు తెలుగులో చెప్పి చూడండి, ఎక్కడ తడబడుతున్నారో అప్పుడే బయటపడుతుంది.

క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది, నమోదు ఆగస్టులో మొదలవుతుంది. గణితంలోనో గణాంకశాస్త్రంలోనో కొత్త రుజువు కావలసినవారు జూలైలో మొదలయ్యే ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక) కోర్సులో చేరి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే తుది పరీక్షకు కూడా నమోదు చేసుకోవాలి. వీడియోలు చూసి వదిలేస్తే సర్టిఫికెట్ రాదు, ఇంటర్వ్యూలో చూపడానికి ఏమీ మిగలదు.