నోటి మాట కౌలు: పంట మీదేనని నిరూపించుకోవడం ఎలా?

గోదావరి జిల్లాల్లో సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, కౌలు కుదరడానికి అరగంట చాలు. అరుగు మీద కూర్చుని ఎకరానికి ఎన్ని బస్తాలో మాట్లాడుకుంటారు, భూమి సొంతదారైన ఆసామి సరే అంటాడు, మర్నాటి నుంచి దుక్కి మొదలు. కాగితం మాట ఎత్తితే "నా మీద నమ్మకం లేదా?" అని అడుగుతాడు. నమ్మకం ఉన్నా సరే, తుఫాను వచ్చి చేను పడిపోతే పరిహారం రికార్డులో పేరున్నవాళ్లకే వస్తుంది. పెట్టుబడి పెట్టినవాడి చేతికి అప్పు మాత్రం మిగులుతుంది.

నోటి మాట కౌలు అసలు చెల్లనే చెల్లదని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాలనే నియమం ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్‌లో ఉంది. కానీ అదే చట్టంలోని 117వ సెక్షన్, రాష్ట్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, వ్యవసాయ కౌళ్లకు ఆ అధ్యాయం వర్తించదని చెబుతుంది. కాబట్టి సాక్షులతో నోటి కౌలును కోర్టులో నిరూపించుకోవచ్చు. చిక్కంతా ఆ రుజువు దగ్గరే.

మొదట చేయాల్సింది: అది ఏ రకం భూమో తెలుసుకోండి. పైసా ఇచ్చే ముందే ఈ పని అయిపోవాలి. పట్టా భూమైతే ఇబ్బంది లేదు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమైతే జాగ్రత్త. 1977 నాటి చట్టం నిషేధించిన బదిలీల్లో అమ్మకంతో పాటు కౌలు కూడా ఉంది. గిరిజన ప్రాంతమైన ఏజెన్సీలో ఇంకా కఠినం. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన (జనం 1/70 అంటారు) ప్రకారం గిరిజనేతరులకు ఇచ్చే కౌలు చెల్లదు. అక్కడ కాగితం రాసుకున్నా, పెద్దమనుషులు సంతకాలు పెట్టినా ఫలితం లేదు. గిరిజనుడి భూమిని కాపాడటానికి పెట్టిన నియమం అది, దాన్ని తప్పించుకునే దారి వెతకొద్దు. గుడి మాన్యమైతే కౌలు దేవాదాయ శాఖ నుంచి రావాలి. వేలంలో పాడుకున్నవాడు మీకు నోటి మాటతో ఇస్తే శాఖ మిమ్మల్ని గుర్తించదు. అనుమానం ఉంటే సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా అయిన 22-ఏలో ఉందేమో అడగండి.

తర్వాతిది అన్నిటికన్నా ముఖ్యం: ఆసామి భయం పోగొట్టడం. 1956 నాటి ఆంధ్ర కౌలు చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది. దాంతో సంతకం పెడితే భూమి పోతుందన్న భయం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం దీనికి మధ్యేమార్గం చూపింది. ఒప్పందం 11 నెలలకే. హక్కు పంట మీద మాత్రమే, భూమి మీద కాదు. పట్టాదారు పాసు పుస్తకంలో ఆసామి పేరు అలాగే ఉంటుంది. ఈ ముక్క ఆయనకు ఒక్కసారి కాదు, ఇంట్లో వాళ్లందరి ముందూ ఓపిగ్గా చెప్పండి. కొడుకులు వద్దంటే ఆగిపోయే సంతకాలే ఎక్కువ.

ఒప్పుకున్నాక గ్రామ సచివాలయంలో వీఆర్వో దగ్గర ఒప్పంద పత్రం తీసుకుని, ఇద్దరూ సంతకాలు చేసి, కౌలు కార్డుకు దరఖాస్తు పెట్టండి. ఆ వెంటనే ప్రభుత్వ పంట నమోదు రికార్డైన ఈ-క్రాప్‌లో పంట మీ పేరుతో నమోదయిందో లేదో చూసుకోండి. కార్డు తెచ్చుకుని ఈ పని మర్చిపోతే బీమా దగ్గరా, ధాన్యం అమ్మే దగ్గరా ఇబ్బంది పడతారు. బ్యాంకు అప్పు మాత్రం కార్డుతోనే వచ్చేస్తుందని అనుకోవద్దు. అదే భూమి మీద ఆసామి ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు వెనకాడుతుంది. తెలంగాణలో ఈ 2019 చట్టం లేదు కాబట్టి అక్కడ మీ సొంత రుజువులు మరింత ముఖ్యం.

ఆసామి ససేమిరా అన్నాడా? అయితే రుజువులు కూడబెట్టండి. కౌలు డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేసి, "ఖరీఫ్ కౌలు" అని రాయండి. బస్తాల్లో కొలిస్తే తేదీ, లెక్క రాసి సంతకం అడగండి. విత్తనాలు, ఎరువుల బిల్లులు మీ పేరుతో తీసుకోండి. పక్క చేలవాళ్లలో ఇద్దరికి కౌలు సంగతి తెలిసుండాలి. వాళ్లే రేపు మీ సాక్షులు.

పంట మధ్యలో ఖాళీ చేయమంటే గొడవకు దిగొద్దు, చేను వదిలి రావొద్దు. మీ రుజువులతో సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే మిమ్మల్ని ఖాళీ చేయించకుండా ఆపే ఉత్తర్వు, అడగవచ్చు. బలవంతంగా గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేయాలి. అందులో భూమి ఎవరిదన్న ప్రశ్న రాదు, స్వాధీనంలో ఎవరున్నారు, చట్టప్రకారం కాకుండా ఎవరు తీశారు అన్నదే చూస్తారు. లాయరు ఫీజుకు డబ్బుల్లేవని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. 15100కు ఫోన్ చేసి, సర్వే నంబరు, కౌలు మొదలైన తేదీ, గెంటేసిన తేదీ చెప్పండి.