గురక మధ్యలో నిశ్శబ్దం: వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరి ఆగుతోందా?

హాయిగా పడుకున్నవాణ్ణి ‘గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు’ అనడం మనకు అలవాటు. ఆ మాట వల్లనేమో, గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించి చాలా ఇళ్లలో పట్టించుకోరు. గురక పెట్టే ప్రతివారికీ స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదే పదే ఆగిపోయే జబ్బు) ఉండదు గాని, కింది లక్షణాలు తోడైతే మాత్రం ఉపేక్షించకూడదు.

సమస్య: గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరైనట్లు పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతోంది.

కారణం: నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక మొదలు, మెత్తని అంగిలి, కొండనాలుక తమ బరువుకు వెనక్కి జారి గాలి దారిని ఇరుకు చేస్తాయి. దారి పూర్తిగా మూసుకుపోతే ఛాతీ, పొట్ట కదులుతూనే ఉన్నా గాలి లోపలికి పోదు. ఊపిరి ఇలా కనీసం 10 సెకన్లు ఆగితే దానిని ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గడంతో మెదడు క్షణకాలం మేలుకొలిపి గొంతును తెరిపిస్తుంది. ఆ మెలకువ ఉదయానికి గుర్తుండదు కనుక, రోగి కంటే ముందు ఈ జబ్బును పట్టుకునేది సాధారణంగా పక్కన పడుకున్నవారే.

పరిష్కారం: ముందుగా కొన్ని రాత్రులు ఇంట్లోవారు గమనించి, ఏ భంగిమలో ఊపిరి ఆగుతోందో రాసిపెట్టాలి, ఫోన్‌లో తీసిన వీడియో వైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడే ఇబ్బంది ఎక్కువైతే, పక్కకు ఒత్తిగిలి పడుకుని వీపు వెనుక గట్టి దిండు పెట్టుకోవాలి. బనియను వెనుక జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవడం పాత చిట్కాయే గాని, వెల్లకిలా తిరిగితే అది గుచ్చుకుంటుంది కనుక పనిచేస్తుంది. అయితే ఆ అసౌకర్యం భరించలేక కొద్ది వారాలకే మానేసేవారు చాలామంది. తల కింద రెండు మూడు దిండ్లు పేర్చితే మెడ ముందుకు వంగి దారి ఇంకా ఇరుకవుతుంది. ఎత్తు కావాలంటే మంచం తలవైపు భాగాన్నే లేపడం మేలు. రాత్రి మద్యం తీసుకోకూడదు. నిద్ర చాలడం లేదని సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే వాటిలో కొన్ని గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి.

సమస్య: ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునుకు, ఉదయం తలనొప్పి, నోరు పిడచకట్టడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులకు లొంగని బీపీ.

కారణం: నిద్ర ముక్కలు ముక్కలుగా తెగిపోవడం, ఆక్సిజన్ పదే పదే పడిపోవడం. మూత్రానికి లేస్తున్నందుకు షుగరును, ప్రోస్టేటును అనుమానించడం సరైనదే గాని, గురక సంగతి కూడా వైద్యునికి చెప్పాలి. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటినవారిలో, స్థూలకాయుల్లో, 50 ఏళ్లు పైబడిన పురుషుల్లో ముప్పు ఎక్కువ. మెనోపాజ్ తర్వాత స్త్రీలలోనూ పెరుగుతుంది.

పరిష్కారం: ఊపిరితిత్తుల నిపుణుణ్ణి గాని, చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి గాని కలిసి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. అంతవరకు కునుకు వస్తుంటే బండి నడపరాదు. పెద్దవారిలో ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 నుంచి 15 లోపు సార్లయితే స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. వెల్లకిలా ఎంత, పక్కకు ఎంత అన్నది రిపోర్టులో విడిగా ఉందేమో అడిగి తెలుసుకోవాలి. భంగిమ మార్పు ఒక్కటే సరిపోతుందా అన్నది తేల్చేది ఆ తేడాయే.

సమస్య: పక్కకు తిరిగినా ఊపిరి ఆగుతూనే ఉంది.

ఇక దిండ్లతో కాలయాపన చేయకూడదు. 1980లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ రూపొందించిన సీప్యాప్ యంత్రం మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. మధ్యస్థ, తీవ్ర దశల్లో నేటికీ ప్రధాన చికిత్స ఇదే. బరువు తగ్గడం, కింది దవడను ముందుకు నిలిపే పరికరం కొందరికి తోడ్పడతాయి. పిల్లల్లో అయితే తరచుగా టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపే కారణం కనుక చికిత్స వేరు. ఏ ఆపరేషనుకు వెళ్లినా మత్తు వైద్యునికి ఈ విషయం ముందే చెప్పి, వాడుతున్న సీప్యాప్‌ను వెంట తీసుకెళ్లాలి.