షేరు కొనాలా, ఉంచాలా, అమ్మాలా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు ఉండేవాళ్లకు కళ్లముందున్న ఫ్యాక్టరీ షేరు మీద నమ్మకం కుదరడం సహజం. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

"పీఈ 6 మాత్రమే, చవకని కొన్నాం. అప్పట్నుంచి పడుతూనే ఉంది."

కారణం: ఒక్కో షేరుకు వచ్చే ఏడాది లాభానికి షేరు ధర ఎన్ని రెట్లుందో చెప్పేదే పీఈ. లోహాల కంపెనీల్లో పీఈ తక్కువగా కనిపించేది చాలాసార్లు లాభాలు శిఖరాన ఉన్నప్పుడే. అల్యూమినియం తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థ నాల్కోనే తీసుకోండి. పంచపట్‌మాలి కొండలో తవ్విన బాక్సైట్ ఖనిజం దమన్‌జోడిలో అల్యూమినా అవుతుంది, అంగుల్‌లో అల్యూమినియం అవుతుంది. ఆ లోహం ధర మాత్రం లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తేలుతుంది. ఉదాహరణకి టన్ను తయారీకి 1,80,000 రూపాయలు పడుతుంది, 2,40,000కి అమ్ముడవుతుంది అనుకుందాం. మిగిలేది 60,000. ధర 2,10,000కి దిగితే తగ్గింది ఎనిమిదో వంతే, కానీ లాభం సగమైపోయింది. షేరు ధర కదలకపోయినా పీఈ 6 కాస్తా 12 అవుతుంది. లారీలు ఆగకుండా తిరుగుతున్నాయంటే ఉత్పత్తి బాగుందని అర్థం, అంతవరకే. లాభం సంగతి లారీలు చెప్పవు.

పరిష్కారం: ఒక్క ఏడాది లాభం చూడకండి. ఏడు నుంచి పదేళ్ల ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం) సగటు తీసి, షేరు ధరను దానితో భాగించండి. షేరు ధర పుస్తక విలువకు (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే ఒక్కో షేరుకు మిగిలేది) ఎన్ని రెట్లు పలుకుతోందో పాత ఏళ్లతో పోల్చండి. థెరుబలిలో తయారయ్యే ఫెర్రో క్రోమ్‌కైతే (ఉక్కు తయారీలో వాడే మిశ్రమలోహం) క్రోమ్ ధర, కరెంటు ఖర్చు చూడాలి. జేకే పేపర్‌కైతే కలప ధర, దిగుమతి కాగితం ధర చూడాలి. సరుకు ధర జారుతూ, మరోవైపు కొత్త ప్లాంట్లు వస్తుంటే త్రైమాసిక ఫలితాల దాకా ఆగకుండా కొంత అమ్మేయడం మంచిది. ఫలితాలు వచ్చేసరికి షేరు ముందే పడి ఉంటుంది.

"200కి కొన్నది 140కి వచ్చింది. ఇంకొన్ని కొని సగటు తగ్గించుకోవచ్చా?"

ముందు అదే రంగంలోని మిగతా షేర్లు చూడండి. అన్నీ పడ్డాయంటే అది రంగం ఇబ్బంది, ఓపిక పట్టొచ్చు. ఇదొక్కటే పడితే ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో కంపెనీ ప్రకటనలు తెరవండి. ఆడిటర్ మధ్యలో తప్పుకోవడం, ప్రమోటర్లు (కంపెనీ అసలు యజమానులు) అప్పుకు తాకట్టు పెట్టిన షేర్లు పెరగడం, ఐదేళ్ల నికర లాభం మొత్తం కంటే వ్యాపారం నుంచి వచ్చిన నగదు బాగా తక్కువుండటం: వీటిలో రెండు కనిపించినా సగటు మాట మరిచిపోయి బయటపడండి.

ఏదీ లేకపోతే లెక్క వేసుకోండి. 200కి 50, 140కి ఇంకో 50 కొంటే సగటు 170. అసలు తిరిగి రావడానికి 43 శాతం బదులు 21 శాతం పెరిగితే చాలు. కానీ ఆ ఒక్క షేరులో ఇరుక్కున్న డబ్బు 10,000 నుంచి 17,000 అయింది. మీ మొత్తం పెట్టుబడిలో అది పదో వంతు దాటుతుంటే అక్కడితో ఆగాలి.

"రాత్రికి రాత్రి ధర సగమైంది." బోనసో (ఉన్న షేర్లకు ఉచితంగా అదనపు షేర్లు), స్ప్లిట్టో (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) అయ్యుంటుంది. ఎక్స్-డేట్, అంటే ఆ మేరకు ధర తగ్గి మొదలయ్యే రోజు, ఎప్పుడో చూడండి. అదనపు షేర్లు ఖాతాలో పడేదాకా యాప్ నష్టం చూపించొచ్చు. కంగారుపడి అమ్మకండి.

"లాభానికే అమ్మాం, చేతికొచ్చింది తక్కువ." పన్నెండు నెలల్లోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను. అది దాటితే ఏడాదికి 1.25 లక్షల పైన ఉన్న లాభంపై 12.5 శాతం. పదకొండో నెలలో ఉన్న షేరుకు తొందర లేకపోతే ఆగండి. డీపీ ఛార్జీ (డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు అమ్మిన రోజు పడే రుసుము) ఒక కంపెనీ షేర్లు ఆ రోజు ఎన్నమ్మినా ఒకటే కాబట్టి, రెండేసి షేర్లు రోజుకోసారి అమ్మితే అదే లాభాన్ని తినేస్తుంది. నష్టానికి అమ్మితే గడువులోగా ఆదాయపు పన్ను రిటర్న్ వేయండి, ఆ నష్టాన్ని తర్వాతి లాభాల్లోంచి తీసేసుకోవడానికి ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు.

"అమ్ముదామంటే కొనేవాడే లేడు." లోయర్ సర్క్యూట్ పడింది, అంటే ఆ రోజు షేరు పడగలిగే కనిష్ఠ హద్దును తాకింది. వాట్సాప్, టెలిగ్రామ్ టిప్పులతో ఎగిరిన చిన్న కంపెనీల్లో ఇది మామూలే. ఒకే ధరకు ముందు పెట్టిన ఆర్డరుకే మొదటి వంతు, కాబట్టి ముందురోజు సాయంత్రమే మర్నాటి లోయర్ సర్క్యూట్ ధరకు ఏఎంఓ (మార్కెట్ మూసాక పెట్టే ఆర్డరు) పెట్టండి. టిప్పు ఇచ్చిన మనిషి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సలహాదారుదైతే ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుదైతే ఐఎన్‌హెచ్‌తో మొదలవ్వాలి. ఆ నంబరును మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లో పేరుతో సహా సరిచూడండి.