లావాదేవీల పన్ను ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా?

లావాదేవీలపై పన్ను ప్రతిపాదన వచ్చినప్పుడు అందరి చూపూ ముందుగా రేటు మీద పడుతుంది. అంతకన్నా ముందు చూడవలసింది, ఒకే సరుకు లేదా ఒకే ఆస్తి ఎన్నిసార్లు చేతులు మారుతుందన్నది.

ఒక సరుకు ఐదు దశల్లో వరుసగా 20, 40, 60, 80, 100 ధరలకు అమ్ముడవుతుందనుకుందాం. ప్రతి అమ్మకంపై 1 శాతం పన్ను వేస్తే, మొత్తం 300 మీద 3 చెల్లించాలి; తుది ధరతో పోలిస్తే అది 3 శాతం భారం. ఆ దశలన్నిటినీ ఒకే సంస్థ తనలోనే పూర్తిచేసుకుంటే పడేది 1 మాత్రమే. ముందు దశలో కట్టిన పన్నును మినహాయించే ఏర్పాటు లేకపోతే, చిన్న సంస్థలు పనితనంలో ఏ లోపమూ లేకుండానే వెనకబడతాయి.

షేర్ల విషయంలో వాటిని ఎంతకాలం అట్టిపెట్టుకుంటారన్నది లెక్కలోకి తీసుకోవాలి. కొన్నప్పుడు 0.5, అమ్మినప్పుడు 0.5 శాతం చొప్పున పన్ను ఉంటే, పదేళ్లు ఉంచుకునేవారిపై ఏటా సుమారు 0.1 శాతం, నెలకోసారి కొని అమ్మేవారిపై ఏటా దాదాపు 12 శాతం భారం పడుతుంది. 1972లో విదేశీ మారకంపై పన్ను సూచించిన అమెరికన్ ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ ఆశించినదీ స్వల్పకాలిక స్పెక్యులేషన్, అంటే ధరల హెచ్చుతగ్గులపై లాభం కోసం చేసే బేరాలు, తగ్గడమే. అయితే తరచూ కొని అమ్మేవారిలో, ఎవరు అమ్మజూపినా కొనడానికి సిద్ధంగా ఉండే వ్యాపారులు కూడా ఉంటారు. వారు తప్పుకుంటే కొనుగోలు, అమ్మకం ధరల మధ్య అంతరం పెరిగి, ఒడుదొడుకులు తగ్గకపోవచ్చు.

ఆ తర్వాత, పన్ను తప్పించుకునే దారిని వెతకండి; నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. స్వీడన్ 1984లో షేర్ల లావాదేవీలపై పన్ను విధించి 1986లో రెట్టింపు చేయగా, వ్యాపారంలో పెద్ద భాగం లండన్‌కు తరలిపోయింది. 1991లో ఆ పన్నును ఎత్తివేశారు. బ్రిటన్‌లో షేర్ల కొనుగోలుపై 0.5 శాతం స్టాంపు సుంకం మాత్రం దశాబ్దాలుగా నిలిచింది. అది లావాదేవీ జరిగే చోటును కాక, షేరు జారీచేసిన కంపెనీ ఏ దేశానిదన్నది చూస్తుంది కనుక, బేరం విదేశంలో కుదిరినా పన్ను వదలదు. అక్కడ కూడా మధ్యవర్తి సంస్థలకు మినహాయింపు ఉందని, షేరును కొనకుండా దాని ధరపై మాత్రమే ఒప్పందం చేసుకునేవారికి ఆ సుంకం పడదని మరవకూడదు.

కాబట్టి ఆదాయాన్ని అంచనా వేసేటప్పుడు నేటి లావాదేవీల విలువను రేటుతో గుణించి ఊరుకోకుండా, ఎంత వ్యాపారం తగ్గుతుందో, దానివల్ల ఇతర పన్నుల రాబడి ఎంత పడిపోతుందో తీసివేయాలి. మొబైల్ చెల్లింపుల వంటి చోట్ల జనం తిరిగి నగదుకు మళ్లడాన్నీ లెక్కించాలి: ఉగాండా 2018 జులైలో 1 శాతం పన్ను మొదలుపెట్టి, వ్యతిరేకత రావడంతో అదే ఏడాది దాన్ని నగదు ఉపసంహరణలకు పరిమితం చేసి 0.5 శాతానికి తగ్గించవలసి వచ్చింది.