కొండ అడవిలో పక్షులు, చిన్న జంతువులు: చూడటం, సేకరించడం ఎలా?

ముందు పర్మిషన్ సంగతి. వల కట్టాలన్నా, బోను పెట్టాలన్నా, నేల మీద పడిన ఈక జేబులో వేసుకోవాలన్నా చాలా దేశాల్లో అనుమతి తప్పనిసరి. అది లేకపోతే ఫొటోలు, నోట్సుతో సరిపెట్టుకోండి. చాలామందికి అదే బోలెడంత పని.

1. కొండను ఎత్తుల వారీగా పంచుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. చెట్లు మారతాయి, పక్షులూ మారతాయి. అందుకే ప్రతి 200 మీటర్ల ఎత్తుకు ఒకచోట ఆగి, పది నిమిషాలు కదలకుండా నిలబడి, కనిపించినవీ వినిపించినవీ రాయండి. పక్కన ఆ చోటి ఎత్తు రాయడం మరవద్దు.

2. తెల్లవారుజామునే మొదలుపెట్టండి. దట్టమైన అడవిలో 10 రెట్ల బైనాక్యులర్స్ కంటే 8 రెట్లవే నయం, చేతి వణుకు అంతగా తెలియదు. ఎంతసేపటికీ ఏమీ కనిపించదు, ఉన్నట్టుండి నాలుగైదు రకాల పక్షులు కలిసిన గుంపు వచ్చి పడుతుంది. అప్పుడు పెన్ను పట్టుకోవద్దు, కళ్లారా చూడండి. గుంపు దాటాక రాసుకోవచ్చు.

3. ఎలుకలు, చుంచెలుకలు (ఎలుకలా కనిపించే, మూతి సాగిన వేరే జాతి) ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. అనుమతి ఉంటే, ప్రాణంతో పట్టే అల్యూమినియం బోనును పడిపోయిన దుంగ వారనో, రాళ్ల సందునో పెట్టండి. ఎరగా ఓట్స్, పీనట్ బటర్ కలిపిన ఉండ చాలు. చలికి చావకుండా లోపల కాస్త దూది వేయండి. చుంచెలుక కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది, కాబట్టి రాత్రంతా మధ్యమధ్యలో లేచి చూడాల్సిందే. అంత ఓపిక లేకపోతే బోను జోలికే వెళ్లొద్దు. గ్లవ్స్ వేసుకుని బరువు, తోక, వెనక పాదం, చెవి కొలిచి, పట్టిన చోటే వదిలేయండి.

4. నా దృష్టిలో అన్నిటికంటే తేలికైన సేకరణ గుడ్లగూబ కక్కిన ఉండలు. అది కూర్చునే చెట్టు కింద బూడిదరంగులో, బొచ్చు, ఎముకలతో పడి ఉంటాయి. వీటికీ అనుమతి కావాలేమో కనుక్కోండి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో విప్పితే పుర్రెలు బయటపడతాయి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పెద్ద ఖాళీ ఉంటే ఎలుక జాతి. సన్నని పళ్లు ఖాళీ లేకుండా వరసగా ఉంటే చుంచెలుక. కొన్ని చుంచెలుకల పళ్ల మొనలు ఎర్రగా కూడా ఉంటాయి.

5. సేకరించిన ప్రతిదానికీ చీటీ అక్కడికక్కడే రాయండి: తేదీ, చోటు, జీపీఎస్ అంకెలు, ఎత్తు, అడవి రకం, మీ పేరు. తడిసినా చెదరదు కాబట్టి పెన్సిలే మంచిది. చీటీని అది దాచే డబ్బా లోపలే పెట్టండి. మూత మీద అంటిస్తే, మూతలు తారుమారైన రోజున ఏది ఎక్కడిదో తేలదు.