వేట కోతలు, గాలం కబుర్లు: హాస్య వ్యాసాలు ఎలా చదవాలి

వేట మీద, గాలం మీద రాసే హాస్య వ్యాసాల్లో చేప చిక్కేది తక్కువ, జారిపోయేదే ఎక్కువ. చీకటితో లేచి, చలిలో గంటలకొద్దీ మాటు వేసి, ఉత్త చేతులతో ఇంటికొచ్చే మనిషి కథలివి. అందుకే "ఇంతకీ ఏం పట్టాడు?" అని చివరి పేరాకి పరుగెత్తకండి. రసమంతా దారిలోనే ఉంటుంది.

పూటకి ఒక్క వ్యాసమే చదవండి. ఈ తరహా రచన అమెరికన్ వేట పత్రికల్లో బాగా పెరిగింది. 'ఫీల్డ్ అండ్ స్ట్రీమ్'లో ఎడ్ జెర్న్, 'అవుట్‌డోర్ లైఫ్'లో ప్యాట్రిక్ మెక్‌మేనస్ శీర్షికలు నడిపారు. నెలకొకటిగా చదవడానికి రాసినవి పుస్తకంగా వచ్చేసరికి పాతికో ముప్పయ్యో వరుసగా నిలబడతాయి. ఏకబిగిన చదివితే నాలుగో దానికే అల్లిక తెలిసిపోతుంది: కోతలు, కొత్త సరంజామా, బోర్లాపడటం. తప్పు రచయితది కాదు, మోతాదుది.

సరంజామా ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే నవ్వు రెట్టింపవుతుంది. గాలం విసిరినప్పుడు దారం బయటికి పోయే వేగం కన్నా రీలు చక్రం వేగం ఎక్కువైతే, వదులైన దారం చక్రం మీదే ఉండచుట్టుకుపోతుంది. ఎర నీటిని తాకే క్షణానికి బొటనవేలితో చక్రాన్ని ఆపాలి. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే అరగంట చిక్కులు విప్పుకోవడమే. "పక్కవాడితో మాట్లాడుతూ విసిరాడు" అన్న చిన్న వాక్యం ఎందుకు నవ్విస్తుందో ఇది తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. అలాగే నీళ్లలోకి దిగేటప్పుడు తడవకుండా తొడుక్కునే, ఛాతీదాకా వచ్చే రబ్బరు వేడర్లు. అంచు దాటి నీళ్లు లోపలికి దిగితే అడుగు తీసి అడుగు వేయడం కష్టం. కథలో ఎవరైనా "ఇంకొక్క అడుగు" అన్నాడంటే ఏం జరగబోతోందో ఊహించుకోండి. బాతుల వేటలో నీటి మీద తేలే బొమ్మ బాతులు దీమాలు. వాటిని చూసి మోసపోయేది బాతులేనా, మనుషులా అన్నది గమనించండి.

కోతలు కోసే పాత్ర ఉంటే పెన్సిల్ పట్టుకోండి. చేప పొడవు చెప్పిన ప్రతిచోటా గీత పెట్టండి. జానెడు మూరెడయ్యే వరస కళ్లకు కడుతుంది. సంభాషణలు మాత్రం పైకే చదవాలి. పక్కవాడు పొడిగా "ఊఁ" అనే చోట ఆగకపోతే సగం హాస్యం పోతుంది.

ఇక నవ్వు నుంచి ఆలోచనకి తిరిగే మలుపు. గాలానికీ ఆలోచనకీ పొత్తు పాతదే. 1653లో ఇంగ్లండ్‌లో ఐజాక్ వాల్టన్ అచ్చువేసిన గాలం పుస్తకం ఉపశీర్షికలోనే ఇది 'ఆలోచనాపరుడి వినోదం' అని ఉంది. నవ్విస్తూ వచ్చిన వ్యాసంలో మాటలు ఆగి, వాక్యాలు పొట్టివైపోయి, ముసలి వేటకుక్కో తాత తుపాకీయో కనిపిస్తే వేగం తగ్గించండి. ఆ పేరా రెండోసారి చదవండి. మొదట్లో నవ్వించిన వస్తువే అక్కడ మళ్లీ వస్తుంది చాలాసార్లు. వెనక్కి తిప్పి ఆ మొదటి ప్రస్తావన చూసి రండి.

పాత వ్యాసాల్లో కనిపించే వేట పరిమితులను, కాలాలను నేటి నిబంధనలుగా తీసుకోవద్దు. చంపడం చదవలేనివాళ్లు కుక్కల మీద రాసినవాటితో, పట్టిన చేపను తిరిగి వదిలే వ్యాసాలతో మొదలుపెట్టవచ్చు.